హీటర్ చల్లగా ఉంటే ముందు చూడాల్సింది ఇంజిన్ వేడిని

గుంటూరు నుంచి ఒకరు అడిగారు. వారిది ఏడేళ్ల నాటి పెట్రోల్ కారు. సంక్రాంతి సెలవుల్లో పిల్లలతో లంబసింగి వెళ్లారు. తెల్లవారుజామున హీటర్ ఫుల్లుగా పెట్టినా గోరువెచ్చటి గాలే వచ్చింది. ఘాట్ ఎక్కేటప్పుడు కాస్త వేడిగా వచ్చిందట, దిగేటప్పుడు మళ్లీ చల్లబడిందట. తిరుగు ప్రయాణంలో హైవే మీద కూడా అదే పరిస్థితి. బ్లోయర్ మాత్రం గాలి బాగానే కొడుతోంది. ఇంటికొచ్చాక చూపిస్తే ఒక మెకానిక్ ‘హీటర్ కోర్ మార్చాలి, డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి, ఇరవై వేల దాకా అవుతుంది’ అన్నాడు. ఇంకొకాయన ‘మన ఊళ్లో హీటర్‌తో పనేముందండి, వదిలేయండి’ అన్నాడు. ఎవరి మాట వినాలి అని ప్రశ్న.

ప్రస్తుతానికి ఇద్దరి మాటా పక్కన పెట్టండి. నేను విజయవాడ ఆటోనగర్‌లో రేడియేటర్, కూలింగ్ పనులు చేస్తాను. మీరు చెప్పిన లక్షణాల్లోనే సగం జవాబు దొరికింది. హీటర్ కోర్ (గాలిని వేడిచేసే చిన్న రేడియేటర్) పూడిపోతే అందులో వేడినీళ్ల పారుదల తగ్గుతుంది. పారుదల తక్కువైన కారులో ఇంజిన్ వేగంగా తిరిగినప్పుడు, అంటే హైవే మీద, వాటర్ పంప్ గట్టిగా తోస్తుంది కాబట్టి గాలి కాస్త మెరుగ్గా రావాలి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చల్లబడాలి. మీ కారులో ఇది తిరగబడింది. హైవే మీద చల్లన, గేరులో ఘాట్ దిగుతుంటే చల్లన, ఇంజిన్ మీద లోడ్ పడి కష్టపడి ఎక్కుతున్నప్పుడు మాత్రమే వేడి. అంటే నీళ్లు పారుతున్నాయి. పారే నీళ్లలోనే వేడి లేదు. ఎదురుగాలి తగిలే చోటల్లా ఇంజిన్ తన వేడిని నిలబెట్టుకోలేకపోతోంది. నా అనుమానం థర్మోస్టాట్ వాల్వ్ మీద, అంటే ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు వెళ్లనివ్వకుండా ఆపే వాల్వ్ మీద. అది తెరుచుకుని అలాగే ఇరుక్కుపోయి ఉండాలి, లేదా ఎప్పుడో ఎవరో దాన్ని తీసేసి ఉండాలి.

ఇలా ఎందుకంటున్నానో చెప్పాలంటే హీటర్ పనితీరు రెండు మాటల్లో చెప్పుకోవాలి. పెట్రోల్, డీజిల్ కార్లలో హీటర్‌కు విడిగా పొయ్యి లాంటిదేమీ ఉండదు. ఇంజిన్ చుట్టూ తిరిగి వేడెక్కిన కూలెంట్‌లో (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవంలో) కొంత రెండు హోస్ పైపుల ద్వారా డ్యాష్‌బోర్డు వెనకున్న చిన్న రేడియేటర్‌లోకి వెళ్లి తిరిగి వస్తుంది. అదే హీటర్ కోర్. బ్లోయర్ దాని మీదుగా గాలిని తోస్తుంది. ఆ గాలి ఎంత భాగం కోర్ మీదుగా వెళ్లాలో ఒక రెక్క నిర్ణయిస్తుంది. మీరు తిప్పే ఎరుపు–నీలం నాబ్ చాలా కార్లలో ఆ రెక్కనే కదుపుతుంది. కాబట్టి హీటర్ చల్లగా ఉందంటే మూడే మూడు చోట్ల లోపం ఉండొచ్చు: కూలెంట్ వేడెక్కడం లేదు, వేడెక్కిన కూలెంట్ కోర్‌లోకి రావడం లేదు, వచ్చిన వేడి గాలికి అందడం లేదు. డ్యాష్‌బోర్డు విప్పే పని మూడో దాంట్లో, రెండో దాంట్లో కొంత మేరకు మాత్రమే వస్తుంది. మొదటిది, రెండోది చాలావరకు బానెట్ కిందే తేలిపోతాయి.

ఇక ‘మన ఊళ్లో హీటర్ ఎందుకు’ అన్న మాట. వాస్తవానికి మీ ప్రశ్నకు నేను ఇంత పొడుగ్గా రాయడానికి కారణం ఆ మాటే. హీటర్‌లో తిరిగేది, మే నెలలో ఇంజిన్‌ను కాపాడేది ఒకటే కూలెంట్. పంప్ ఒకటే, థర్మోస్టాట్ ఒకటే, రేడియేటర్ మూత ఒకటే. జనవరిలో హీటర్ సరిగ్గా పనిచేయలేదంటే ఆ వ్యవస్థలో ఎక్కడో తేడా ఉన్నట్టు. చలికాలంలో ఆ తేడా మీకు గోరువెచ్చటి గాలిగా కనబడింది. అదే తేడా కూలెంట్ లీకో, పంప్ అరుగుదలో అయితే, రెంటచింతలలోనో విజయవాడలోనో 45 డిగ్రీలు దాటే మధ్యాహ్నం, నలుగురు కూర్చుని ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఎర్ర లైటుగా కనబడుతుంది. అప్పటికి ఇంజిన్ పైభాగం (హెడ్) వేడికి బెండ్ అయి ఉంటే ఖర్చు ఇరవై వేలతో ఆగదు. హీటర్ అక్కర్లేదని వదిలేసే ప్రతి ఒక్కరికీ నేను చెప్పేది ఇదే: హీటర్ మీకు అక్కర్లేకపోవచ్చు, అది చెబుతున్న కబురు మాత్రం కావాలి. పైగా హీటర్ బొత్తిగా అక్కర్లేకపోవడం కూడా లేదు. డిసెంబరు, జనవరిలో పొద్దున్నే మంచులో హైవే ఎక్కినప్పుడు, వానాకాలంలో అద్దాలు లోపల ఆవిరి పట్టినప్పుడు గుడ్డతో తుడుచుకుంటూ నడపడం ప్రమాదం. ఏసీ వేసి ఉష్ణోగ్రత వేడి వైపు తిప్పి గాలిని ముందు అద్దం మీదకు పెడితే ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది, హీటర్ అద్దాన్ని వెచ్చబరుస్తుంది, నిమిషాల్లో అద్దం తేటపడుతుంది.

సరే, పనిలోకి వద్దాం. ముందు డబ్బు ఖర్చు లేనివి.

పొద్దున్నే, రాత్రంతా ఆగి ఉన్న కారు బానెట్ ఎత్తండి. కూలెంట్ డబ్బాలో మట్టం మిన్, మ్యాక్స్ గీతల మధ్య ఉందా చూడండి. అక్కడితో ఆగొద్దు. మీ కారులో రేడియేటర్ మీద విడిగా మూత ఉంటే అది కూడా తీసి చూడండి. డబ్బాలో నిండుగా ఉండి రేడియేటర్‌లో చేతికి అందనంత లోతున ఉన్న కార్లు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. మూత రబ్బరు పాడైతే చల్లారేటప్పుడు డబ్బాలోంచి కూలెంట్ వెనక్కి లాక్కోదు. డబ్బా నిండుగానే కనబడుతుంది, ఇంజిన్ మాత్రం ఖాళీ అవుతూ ఉంటుంది. ఒక్క జాగ్రత్త: ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు మూత ముట్టుకోవద్దు. లోపల ఒత్తిడి మీద నూరు డిగ్రీలు దాటిన నీళ్లు ఉండొచ్చు. మూత తెరిచిన క్షణంలో అవి ఆవిరై మొహం మీదకు చిమ్ముతాయి. గుడ్డ చుట్టి తీస్తే చాలనుకునే వాళ్లున్నారు, చాలదు.

కూలెంట్ రంగు కూడా చూడండి. ఆకుపచ్చ, ఎరుపు, నీలం, గులాబీ ఏదైనా ఉండొచ్చు. రంగును బట్టి రకం చెప్పలేం, కంపెనీకో రంగు. చూడాల్సింది తేటగా ఉందా, తుప్పు నీళ్లలా ఉందా, పైన నూనె తెట్టు కట్టిందా అని. రంగే లేకుండా మామూలు నీళ్లలా ఉంటే ఎవరో నీళ్లతో నెట్టుకొస్తున్నారన్న మాట. దాని గురించి తర్వాత.

మట్టం సరిగ్గా ఉంటే రెండో పరీక్ష ఉష్ణోగ్రత. ఈ కాలం కార్లలో చాలావాటికి టెంపరేచర్ ముల్లు తీసేశారు. ఇంజిన్ చల్లగా ఉంటే నీలం లైటు, మరీ వేడెక్కితే ఎర్ర లైటు, అంతే. మధ్యలో ఏం జరుగుతోందో తెలియదు. ముల్లు ఉన్నా, 75కీ 100కీ మధ్య అది ఒకే చోట నిలబడేలా చేసినవి ఎక్కువ. అందుకే స్కానర్‌తో చూడాలి. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌లో పెట్టే చిన్న బ్లూటూత్ పరికరం ఆన్‌లైన్‌లో చవగ్గానే దొరుకుతుంది. ఫోన్‌లో యాప్ వేసుకుంటే కూలెంట్ ఉష్ణోగ్రత అంకెల్లో కనబడుతుంది. ఏసీ, కూలింగ్ పని చేసే చాలామంది మెకానిక్‌ల దగ్గర స్కానర్ ఉంటుంది, ఒక పావుగంట పెట్టించుకున్నా చాలు. అంకెలు చూసే పని పక్కన కూర్చున్నవారికి అప్పజెప్పండి, నడిపేవారు ఫోన్ చూడొద్దు.

మీకు హైవే దగ్గరే కాబట్టి పరీక్ష తేలిక. గుంటూరులో బయల్దేరి విజయవాడ వైపు కాజ టోల్‌గేట్ దాకా ఎనభైలో నిలకడగా వెళ్లండి. ఏసీ ఆపేయండి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడైతే ఇంకా మంచిది. ఆరోగ్యంగా ఉన్న కారులో కూలెంట్ మొదటి పది నిమిషాల్లోపే ఎనభై దాటి, ఆ తర్వాత 85–95 మధ్యలో కదలకుండా కూర్చుంటుంది. వేగం పెంచినా తగ్గించినా రెండు మూడు డిగ్రీలకు మించి ఊగదు. మీ కారులో అది 65–70 దగ్గర ఆగిపోయి, విజయవాడ చేరి బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాక మెల్లగా 85కి ఎక్కితే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు, థర్మోస్టాటే. స్కానర్‌లో పీ0128 అనే కోడ్ కనబడినా అర్థం దాదాపు అదే: ఇంజిన్ చేరాల్సిన వేడికి చేరడం లేదని కంప్యూటర్ గమనించింది. కోడ్ లేకపోయినంత మాత్రాన వాల్వ్ బాగుందని కాదు.

స్కానర్ లేకపోతే చేయి చాలు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి రేడియేటర్ పై హోస్ పట్టుకోండి. ఫ్యాన్‌కు, బెల్టుకు దూరంగా ఉంచాలి చేతిని. వాల్వ్ బాగుంటే ఆ పైపు కొన్ని నిమిషాల పాటు చల్లగానే ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కుతుంది. అదే వాల్వ్ తెరుచుకున్న క్షణం. స్టార్ట్ చేసిన దగ్గర్నుంచీ పైపు ఇంజిన్‌తో పాటే కొంచెం కొంచెంగా వెచ్చబడుతూ వస్తే వాల్వ్ మూసుకోవడం లేదు. కొన్ని కార్లలో థర్మోస్టాట్ ఇంజిన్‌లోకి నీళ్లు వచ్చే వైపు, కింది హోస్ దగ్గర ఉంటుంది. వాటిలో ఇదే తీరు కింది పైపులో గమనించాలి.

ఈ వాల్వ్ తీసేసే అలవాటు గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. మన వైపు ఎండాకాలంలో కారు ఓవర్‌హీట్ అయితే చాలామంది చేసే మొదటి పని థర్మోస్టాట్ తీసి పారేయడం. ‘అడ్డు తీసేశాం, నీళ్లు ఫ్రీగా తిరుగుతాయి, ఇంజిన్ కూల్‌గా ఉంటుంది’ అంటారు. వాల్వ్ మూసుకుని ఇరుక్కుపోతే దారిలో ఇంటికి చేరడానికి అలా తీసేయడం సరే. తర్వాత కొత్తది వేయకుండా వదిలేయడమే తప్పు. ఆ కారు హైవే మీద ఎప్పుడూ పూర్తిగా వేడెక్కదు. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది. ఇంజిన్ ఆయిల్‌లో చేరే తేమ ఆవిరై పోవడానికి తగిన వేడి అందదు, ఆయిల్ మూత లోపల గోధుమరంగు మీగడలాంటిది పేరుకుంటుంది. సిలిండర్ గోడలు తొందరగా అరుగుతాయి.

దీనికన్నా పెద్ద సంగతి ఒకటుంది, ఎక్కువమందికి తెలియదు. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్‌కు రెండు బిళ్లలు ఉంటాయి. పై బిళ్ల రేడియేటర్ దారి తెరిచేటప్పుడు కింది బిళ్ల బైపాస్ దారిని మూస్తుంది. చల్లగా ఉన్నంతసేపూ కూలెంట్ రేడియేటర్‌కు వెళ్లకుండా ఇంజిన్‌లోనే తిరిగేందుకు ఉన్న దారి అది. వాల్వ్ మొత్తం తీసేస్తే ఆ దారి ఎప్పటికీ తెరిచే ఉంటుంది. నీళ్లు తేలికైన దారి వెతుక్కుంటాయి. సగం కూలెంట్ రేడియేటర్ మొహం చూడకుండానే తిరిగి ఇంజిన్‌లోకి వెళ్లిపోతుంది. అప్పుడు జనవరిలో హైవే మీద చల్లగా ఉండే అదే కారు మే నెల ట్రాఫిక్‌లో ఓవర్‌హీట్ అవుతుంది. కూల్‌గా ఉండాలని తీసింది కాస్తా ఎండలోనే దెబ్బ తీస్తుంది. కాబట్టి మీరు కారు సెకండ్ హ్యాండ్‌లో కొని ఉంటే, లేదా గత వేసవుల్లో ఎప్పుడైనా ఓవర్‌హీట్ రిపేరు జరిగి ఉంటే, థర్మోస్టాట్ ఉండే గూడు (హౌసింగ్) విప్పినప్పుడు లోపల వాల్వ్ అసలు ఉందో లేదో మీ కళ్లతో చూడండి.

వాల్వ్ ఉంటే దాన్ని పరీక్షించడం ఇంట్లో కూడా చేయొచ్చు. విప్పి బయటకు తీసిన చల్లటి వాల్వ్‌ను వెలుతురుకు ఎదురుగా పెడితే బిళ్ల చుట్టూ సందు కనబడకూడదు. కనబడితే అక్కడితో తేలిపోయింది. కనబడకపోతే వంటకు వాడని పాత గిన్నెలో నీళ్లు పోసి, వాల్వ్‌ను అడుగుకు తగలకుండా తీగతో వేలాడదీసి, ఒక థర్మామీటర్ పెట్టి కాచండి. వాల్వ్ మీద 82, 88 అని అంకె కొట్టి ఉంటుంది. నీళ్లు ఆ అంకె దగ్గరికి వచ్చినప్పుడు కదలడం మొదలై, ఇంకో పది పన్నెండు డిగ్రీలకు పూర్తిగా తెరుచుకోవాలి. చల్లార్చితే గట్టిగా మూసుకోవాలి. 65 దగ్గరే తెరుచుకునేవి, మూసుకోవడానికి బద్ధకించేవి పనికిరావు. కొత్తది కొనేటప్పుడు అంకె మార్చొద్దు. ‘మనది వేడి ప్రాంతం కదా, తక్కువ డిగ్రీలది వేద్దాం’ అని షాపులో అంటారు. కంపెనీ ఏ అంకె ఇచ్చిందో అదే వేయండి. వాల్వ్ తెరుచుకోవడం మొదలయ్యే అంకె తగ్గించినంత మాత్రాన వేసవిలో రేడియేటర్ సత్తా పెరగదు. కొత్త వాల్వ్, రబ్బరు రింగు, కూలెంట్, కూలీ అన్నీ కలిపినా చాలా కార్లకు ఆ ఇరవై వేలలో చిన్న భాగమే అవుతుంది. బిగించేటప్పుడు వాల్వ్ మీద చిన్న పిన్ను ఉంటే అది పై వైపుకు ఉండాలి, గాలి దాంట్లోంచే బయటకు పోతుంది.

ఇప్పుడు మీ లక్షణాలు కాకుండా వేరే తీరు కనబడితే ఏమిటో కూడా చెబుతాను, ఎందుకంటే ఇదే సమస్యతో వచ్చే వేరే కార్లవి వేరే కథలు.

సిగ్నల్ దగ్గర చల్లబడి, యాక్సిలరేటర్ తొక్కగానే వేడి గాలి వస్తుంటే కూలెంట్ తక్కువుంది, లేదా లోపల ఎయిర్ లాక్ ఉంది, లేదా వాటర్ పంప్ రెక్కలు అరిగాయి, లేదా మొదట చెప్పినట్టు కోర్ పూడుతోంది. కోర్ చాలా కార్లలో కూలెంట్ తిరిగే దారిలో ఎత్తైన చోట్లలో ఒకటి కాబట్టి గాలి బుడగ ముందు అక్కడే చేరుతుంది. స్టార్ట్ చేయగానే డ్యాష్‌బోర్డు వెనక నీళ్లు గలగలమన్న శబ్దం వస్తే అదే. గాలి తీయడానికి కారు ముక్కు పైకి ఉండేలా ఇంటి ముందు ర్యాంపు మీద నిలపండి. హీటర్ పూర్తి వేడి మీద పెట్టండి. చల్లటి ఇంజిన్‌లోనే కూలెంట్ నింపి, ఎక్కడైనా గాలి తీసే స్క్రూ ఉంటే వదులు చేసి, ఇంజిన్ ఐడిల్‌లో తిప్పుతూ హోసులను మెల్లగా నొక్కండి. బుడగలు వస్తాయి, మట్టం దిగుతుంది, మళ్లీ పోయాలి. ఫ్యాన్ ఒకటి రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఓపిక పట్టాలి. కొన్ని కార్లకు ఈ పద్ధతి కుదరదు, వ్యాక్యూమ్ పెట్టి నింపాల్సిందే.

గాలి తీశాక వారానికి మళ్లీ గలగలలు మొదలైతే మాత్రం టెన్షన్ పడాల్సిన విషయమే. గాలి ఎక్కడి నుంచి వస్తోంది? హోస్ క్లిప్పు, పంప్ సీలు, రేడియేటర్ అంచులు చూడాలి. బయట ఎక్కడా తడి లేకుండా కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఉండే సీలు) లీకై సిలిండర్ గ్యాస్ కూలెంట్‌లో కలుస్తోందేమో పరీక్ష చేయించాలి. రేడియేటర్ నోటి దగ్గర గాలిని ఒక నీలం ద్రవంలోంచి లాగి చూసే చిన్న పరికరం ఉంటుంది, గ్యాస్ ఉంటే ద్రవం పసుపు రంగుకు తిరుగుతుంది. ఇది హెడ్ విప్పకుండా చేసే పరీక్ష. ముందు ఇది చేయకుండా హెడ్ విప్పుతామంటే ఒప్పుకోకండి.

ఇంజిన్ 90 దగ్గర నిలకడగా ఉంది, అయినా గాలి చల్లగా ఉంది అనుకోండి. అప్పుడు ఇంజిన్ వెనక, డ్యాష్‌బోర్డు గోడలోకి వెళ్లే రెండు హోసులను చేత్తో చూడండి. చేయి పెట్టలేనంత వేడి ఉండొచ్చు, ఒక్క క్షణం తాకితే చాలు. రెండూ కాలిపోతుంటే కోర్‌లోకి వేడి బాగానే వస్తోంది. లోపం రెక్క దగ్గర: నాబ్ నుంచి వెళ్లే కేబుల్ క్లిప్పు ఊడింది, లేదా ఆటోమేటిక్ ఏసీ అయితే రెక్క తిప్పే చిన్న మోటారు పోయింది. పాసింజర్ కాళ్ల దగ్గర నుంచి చూస్తే చాలా కార్లలో ఆ కేబుల్ కనబడుతుంది, నాబ్ తిప్పుతుంటే మీట పూర్తిగా కదులుతోందో లేదో తెలిసిపోతుంది. వేసవిలో ఏసీ చల్లదనం చాలడం లేదని మన దగ్గర కొందరు ఈ కేబుల్‌ను చల్లటి వైపుకు కట్టేస్తారు. ఆ సంగతి ఓనరుకు చెప్పరు, లేదా ఓనరు మర్చిపోతారు.

ఒకటి వేడిగా, ఇంకొకటి చల్లగా ఉంటే కూలెంట్ కోర్ దాటడం లేదు. ఇక్కడా విప్పే ముందు చూడాల్సినవి రెండున్నాయి. మొదటిది, రెండు హోసులూ కోర్‌కే వెళ్తున్నాయా అని. కోర్ లీకైన కార్లకు ‘మనకు హీటర్ ఎందుకులే’ అని ఆ రెండు పైపులనూ బయటే యూ పైపుతో కలిపేసి పంపిస్తుంటారు. ఆ కారులో ఎన్ని మార్చినా హీటర్ రాదు. రెండోది, బయట వేయించిన సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్. సిలిండర్‌లోంచి వచ్చే గ్యాస్ ఒత్తిడి తగ్గేటప్పుడు, ఆ ఒత్తిడి తగ్గించే రిడ్యూసర్ గడ్డకట్టేంత చల్లబడుతుంది కాబట్టి దానికి ఇంజిన్ వేడి ఇవ్వడానికి ఎక్కువగా హీటర్ హోసులనే కోసి ‘టీ’ (T) ఆకారపు జాయింటు కలుపుతారు. ఆ జాయింటు ఎంపిక సరిగ్గా లేకపోతే నీళ్లు రిడ్యూసర్ గుండా తేలిగ్గా తిరిగిపోయి కోర్‌కు అందవు. కిట్ వేయించిన తర్వాతే హీటర్ నెమ్మదించింది అంటే ముందు అక్కడ చూడండి. చలిలో రిడ్యూసర్ మీద తెల్లగా మంచు పట్టి, బండి గ్యాస్ మీద కుదుపుతుంటే దానికీ వేడి అందడం లేదన్న మాట, అప్పుడు అసలు కూలెంటే తక్కువుందేమో చూడాలి.

ఇవేవీ కాకపోతే అప్పుడు కోర్ పూడింది. పూడడానికి మన ప్రాంతంలో మొదటి కారణం నీళ్లు. పిడుగురాళ్ల చుట్టుపక్కలంతా సున్నపురాయి నేల, పల్నాడు బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర ఎలా గట్టిపడుతుందో ఆ వైపు వారికి చెప్పనక్కర్లేదు. కోర్‌లోని సన్నటి గొట్టాల్లో జరిగేది కూడా అదే. దారిలో పెట్రోల్ బంకు పంపు దగ్గర పోసిన లీటరు నీళ్లు ఒక్కసారికి ప్రాణం కాపాడతాయి, వాటితోనే రెండు మూడేళ్లు నడిపితే గొట్టాలు మూస్తాయి. ‘మన దగ్గర నీళ్లు గడ్డకట్టవు కదా, కూలెంట్ ఎందుకు’ అన్నది ఇంకో మాట. కూలెంట్‌లో గ్లైకాల్ మరిగే ఉష్ణోగ్రతను పెంచుతుంది, అందులోని రసాయనాలు అల్యూమినియం హెడ్‌నూ పంప్‌నూ తుప్పు నుంచి కాపాడతాయి. గడ్డకట్టకపోవడం మనకు అన్నిటికన్నా తక్కువ పనికొచ్చే గుణం. గాఢమైన కూలెంట్ కొంటే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపాలి. ముందే కలిపి అమ్మేది కొంటే అందులో నీళ్లు కలపకూడదు. డబ్బా మీద ఏ రకమో చదవకుండా పోయించుకోవద్దు.

పూడిన కోర్‌ను మార్చే ముందు కడిగి చూడాలి. రెండు హోసులూ విప్పి, నీళ్లు బయటకు వచ్చే గొట్టంలోంచి తిరగేసి మామూలు తోట పైపుతో తక్కువ ఒత్తిడి మీద నీళ్లు పంపాలి. తర్వాత దిశ మార్చాలి. తుప్పు, తెల్లటి పొడి, ఒక్కోసారి రబ్బరు ముక్కలు వస్తాయి. లీకు ఆపడానికి పోసే పొడులు, ద్రవాలు వాడిన కార్లలో అయితే జిగట వస్తుంది. ఆ మందులు లీకు కన్నా ముందు మూసేది కోర్‌నే, అందుకే నేను వాటిని వాడనివ్వను. వాటర్ సర్వీసింగ్ చేసే ప్రెషర్ గన్ పెట్టనివ్వొద్దు, పాత కోర్ అతుకులు విచ్చుకుంటాయి. యాసిడ్ కూడా వద్దు, అల్యూమినియంను తినేస్తుంది. నీళ్లు తేటగా, ధారగా వచ్చేదాకా కడిగి, చివర డిస్టిల్డ్ వాటర్ పోసి దులిపి, కొత్త కూలెంట్ నింపి గాలి తీయాలి. కడిగిన తర్వాత హీటర్ సగానికి సగం మెరుగైతే మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగి ఇంకోసారి కడిగించండి, మెత్తబడిన పొర అప్పుడు మిగతాది వస్తుంది.

రిపేరు ఫలించిందో లేదో ‘వేడిగానే ఉంది’ అని చేత్తో తేల్చొద్దు. జనవరిలోనైనా విజయవాడ, గుంటూరుల్లో మధ్యాహ్నం బయటి గాలి ముప్పై డిగ్రీల దగ్గర ఉంటుంది, అందులో అరకొర హీటర్ కూడా బాగున్నట్టే అనిపిస్తుంది. అదే లంబసింగిలో అయిదారు డిగ్రీల గాలిని వేడి చేయాల్సి వస్తే బండారం బయటపడుతుంది. డిజిటల్ థర్మామీటర్ కడ్డీని మధ్య వెంట్‌లో పెట్టి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, బ్లోయర్ రెండో నంబరులో, నాబ్ పూర్తి ఎరుపులో పెట్టి చూడండి. 55–60 డిగ్రీలు దాటితే బాగుంది. నలభైల్లో ఉంటే ఇంకా పని మిగిలే ఉంది. చలి ప్రాంతంలో మొదటి పది నిమిషాలు రీసర్క్యులేషన్ (లోపలి గాలినే మళ్లీ తిప్పడం) పెట్టుకుంటే క్యాబిన్ తొందరగా వెచ్చబడుతుంది. అద్దాలు మసకబారగానే బయటి గాలికి మార్చుకోవాలి. డీజిల్ కార్లయితే ఐడిల్‌లో నిలబెట్టి వేడెక్కే వరకు చూడడం దండగ, మెల్లగా నడుపుతూ ఉండాలి. గాలి జోరే తక్కువగా ఉంటే క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి, దుమ్ము రోడ్ల మీద తిరిగే కార్లలో అది అట్టలా తయారై ఉంటుంది.

కోర్ నిజంగానే మార్చాల్సిన సందర్భం ఒకటుంది: అది లోపలికి లీకవడం. హీటర్ వేయగానే అద్దం మీద జిడ్డు ఆవిరి, క్యాబిన్‌లో తియ్యటి వాసన, కాళ్ల దగ్గర కార్పెట్ తడి. తడి ఏసీ నీళ్లదా కూలెంట్‌దా అన్నది వేళ్ల మధ్య రుద్దితే తెలుస్తుంది, కూలెంట్ జారుతుంది. నోట్లో పెట్టి చూడొద్దు, అది విషం. చిన్న పిల్లలు, పెంపుడు కుక్కలు ఆ తీపికి నాకే ప్రమాదం ఉంది, వెంటనే తుడిపించండి. ఈ లక్షణాలేవీ మీరు చెప్పలేదు కాబట్టి మీకు ఆ అవసరం వస్తుందని నేను అనుకోవడం లేదు. ఒకవేళ వస్తే, డ్యాష్‌బోర్డు ఎలాగూ విప్పుతారు గనుక అదే కూలీలో ఏసీ కూలింగ్ కాయిల్ కూడా బయటకు తీసి శుభ్రం చేయమనండి, దాని ‘ఓ’ (O) ఆకారపు రబ్బరు రింగులు కొత్తవి వేయమనండి. రెక్కల అంచున ఉండే స్పాంజి పొడి అయిపోయి ఉంటే అది కూడా అప్పుడే మార్పించాలి. విప్పిన పాత కోర్‌ను మీ చేతికి ఇమ్మని ముందే చెప్పండి.